ద్రాక్షసీమలో చూడదగినవి



ద్రాక్షాపాకమను మాట మన పెద్దలకు క్రొత్తది కాదు. నోట వేసికొన్నంతనే రసమూరెడి కవిత్వమునకు ఆలంకారికులు పెట్టిన పేరది. అరటిపండునకు తొక్క యొలువవలెను. కొబ్బరికాయకు పీచు దీసి పెంకు పగులగొట్టవలెను. ద్రాక్షకు ఆ శ్రమ యేదియు లేదు. తినువానికి లేదు, నిజమే. పండించువాని శ్రమమాట మన ఆలంకారికు లెవ్వరును ఎత్తినట్లు కానరాదు. ఆ శ్రమ యెంతటిదో, దానికి ఎట్టి ఆపదలు వాటిల్లినవో కన్నులార చూడదగిన సీమ యొకటి ఫ్రాన్సు దేశమునకు దక్షిణమున గలదు. దాని పేరు లాంగ్దోక్. అచ్చటికి యాత్ర పోవువాడు చూడవలసిన వేవి, వాని వెనుక నున్న కథ యేమి యను సంగతులను నేడు విన్నవింతును.

ద్రాక్షసీమ యనగానే ఇది మద్యప్రసంగ మేమో యని కొందఱు ముఖము చిట్లింపవచ్చును. నా ప్రసంగము పానశాలకు సంబంధించినది కాదు, పొలమునకు సంబంధించినది. ఆ రసమును త్రాగువారు త్రాగుదురు, మానువారు మానుదురు. ఆ పైరుమీద బ్రదికిన లక్షలకొలది కాపుకుటుంబముల కథ మాత్రము వ్యవసాయ మెఱిగిన మనకు మిక్కిలి దగ్గఱ. అదియునుగాక ద్రాక్షరసము మన వాఙ్మయమునకు పరాయిది కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున సురాధ్యక్షుని గుఱించి వ్రాయుచు, ద్రాక్షరసమునకు మధువని పేరనియు, అది పుట్టిన దేశమునుబట్టి కాపిశాయనమనియు, హారహూరకమనియు పిలువబడుననియు చెప్పెను. కాపిశాయన శబ్దమును సాధించుటకు పాణిని ప్రత్యేకముగా ఒక సూత్రమునే చేసెను. కాపిశి యనునది నేటి ఆఫ్గనిస్తానమున బేగ్రాము చెంత నుండిన పట్టణము. సరకునకు పుట్టినయూరి పేరు పెట్టుట యెంత పాత యాచారమో దీనివలన తేటపడుచున్నది. ఈ సంగతిని మనస్సున నుంచుకొనుడు. ముందు దీనితో పని గలదు.

లాంగ్దోక్ మధ్యధరా సముద్రపు టొడ్డున రోను నది మొదలుకొని పిరెనీసు పర్వతముల దిక్కునకు వ్యాపించిన పొడుగాటి సీమ. ఒక ప్రక్క సముద్రము, ఉప్పుకయ్యలు, ఒక ప్రక్క రాతికొండలు, నడుమ మైదానము. వేసవిలో వాన దాదాపు కురియదు. నీమ్, మాంపెలియే, బెజియే, నార్బొన్ అను పట్టణములు రైలుదారి వెంట వరుసగా నున్నవి. కావున యాత్రికునకు ప్రయాణక్లేశము లేదు. ఎప్పుడు పోవలెనన్నచో, పండుకోత సాగు సెప్టెంబరు మాసమున పొమ్మని లోకులు చెప్పుదురు. నా మతము వేఱు. శీతకాలమున, ఆకు రాలి, కొమ్మలు కత్తిరించు దినములలో పోవుట మేలు. అప్పుడు తోటలో మోకాలి యెత్తు మోళ్లు తప్ప వేఱేమియు నుండవు. చూడవలసినది పండు కాదు, మొదలు. ఎందులకో ముందు తెలియగలదు.

యాత్రను నార్బొన్ పట్టణమునుండి ఆరంభింపవచ్చును. క్రీస్తునకు పూర్వము 118వ సంవత్సరమున రోమనులు ఇటలీకి ఆవల, గాలు దేశమున నెలకొల్పిన తొలి వలసపట్టణ మిదియే. ఇటలీనుండి స్పెయినునకు వారు వేసిన డొమీషియా రాజమార్గము ఈ యూరిమీదుగా పోయెను. పురభవనము ముందఱి చదుకమున 1997లో త్రవ్వగా ఆ బాట తునుక యొకటి బయల్పడినది. దానిని మరల పూడ్చక, నేలకు కొంత దిగువగా తెఱచి యుంచిరి. రెండువేల యేండ్లనాటి రాతిపలకలమీద పాదము మోపి నిలువవచ్చును. ఈ బాటవెంట ద్రాక్షరసము బండ్లకెక్కి పోయెను. ఆ వ్యాపార మెంతగా పెరిగినదనగా, క్రీ.శ. 92 ప్రాంతమున డొమీషియను చక్రవర్తి ధాన్యమునకు కఱవు, ద్రాక్షరసమునకు పుష్కలత్వము ఏర్పడినదని కనుగొని, ఇటలీ వెలుపలి రాష్ట్రములలో సగము తోటలను పెఱికివేయుడని శాసించెను. ఆ శాసనము సరిగా అమలు జరుగలేదట. దొర శాసించుటయు, కాపు తల యూచి తన పని తాను చేసికొనుటయు క్రొత్తవి కావు గదా. ఈ చదుకమును గుర్తుంచుకొనుడు. మరల ఇచ్చటికి రావలసి యున్నది.

నార్బొన్‌నుండి కొద్ది దూరముననే బెజియే. అచ్చట కోనసీమవారికిని, కృష్ణా గోదావరి మండలముల వారికిని చిరపరిచితమైన దృశ్యమొకటి కలదు. అది లాకులు. తూలూజు పట్టణమునుండి సముద్రతీరము వఱకు 240 కిలోమీటర్ల పొడవున త్రవ్విన మిదీ కాలువ ఇచ్చట గుట్ట నెక్కి దిగవలసివచ్చినది. అందులకై ఫోన్‌సెరాన్ అను చోట ఒకదానిపై నొకటిగా మెట్లవలె లాకులు కట్టిరి. పడవ లాకు వెంబడి లాకెక్కుచు ఇరువది మీటర్లకు పైగా లేచును. దీనిని కట్టించిన పీర్ పోల్ రికే ఈ యూరనే పుట్టినవాడు. ఇంజనీరు కాడు, ఉప్పుపన్ను వసూలు చేయు గుత్తదారు. 1666లో రాజాజ్ఞ పొంది, తన సొత్తును సైతము ఇందులో పోసి, 1680లో కన్నుమూసెను. మఱుచటి సంవత్సరము పడవలు నడచినవి. ధవళేశ్వరము వద్ద కాటను దొర 1847 మొదలు 1852 వఱకు కట్టించిన ఆనకట్ట పొలము తడుపుట కేర్పడినది. ఇది సరకు మోయుట కేర్పడినది. ఐనను లాకు తలుపు మూసి, నీరు నిండు వఱకు పడవవాడు వేచియుండు ఓర్పు రెంటను ఒక్కటే. కాలువగట్టున వేలకొలది మహావృక్షములు బారులు తీర్చి యుండెడివి. 2006లో వానికొక బూజురోగము పట్టినట్లు కనుగొని, నాటినుండి వేలచెట్లను నఱకవలసివచ్చెను. అది రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యపు కొయ్యపెట్టెలతో వచ్చినదని విజ్ఞులు తలచుచున్నారు. ఆ సీమకు అమెరికానుండి వచ్చిన తెగుళ్లలో ఇది మొదటిది కాదు.

ఇక అసలు కథ.

19వ శతాబ్ది నడుమ రైలుదారి పడుటతో లాంగ్దోక్ రూపమే మాఱినది. అంతవఱకు మైదానమున గోధుమలు పండెడివి. కొండచఱియలమీద ద్రాక్ష, ఓలివు చెట్లుండెడివి. రైలుబండి ఉత్తరదేశపు కర్మాగారముల కూలిజనమునకు చవుక ద్రాక్షరసమును చేర్చుట మొదలిడగానే, గోధుమ పొలములు సైతము ద్రాక్షతోట లైనవి. ఒక్క పైరు, ఒక్క సరకు, ఒక్క బేరము. కాపులు మేడలు కట్టిరి. ఆ మేడలు నేడును బెజియే చుట్టుపట్ల కనబడుచున్నవి. వానిని చూచునపుడు అవి ఎంతకాలపు సంపదకు గుర్తులో జ్ఞాపకముంచుకొనవలెను. ముప్పది యేండ్లు సైతము నిలువలేదు.

1863లో రోను నదీతీరమున ప్యూజో గ్రామ పరిసరములలో కొన్ని తీగలు కారణము లేకయే ఎఱ్ఱబాఱి ఎండినవి. మఱుచటి యేడు వాని చుట్టునున్నవి యెండినవి. నూనెబొట్టు గుడ్డమీద ప్రాకినట్లు ఆ మరక తోటనుండి తోటకు ప్రాకెను. కొందఱు నేల సారము సన్నగిల్లిన దనిరి; కొందఱు చలి దెబ్బ యనిరి; దేవుని కోప మనినవారు లేకపోలేదు. చచ్చిన తీగను పెఱికి చూచినచో నల్లబడిన వేళ్లు తప్ప మఱేమియు లేదు. 1868 జూలైలో మాంపెలియేనుండి ముగ్గురు పెద్దలు సెంమార్టె ద క్రో అను చోటికి విచారణకు పోయిరి. వారిలో వృక్షశాస్త్రాచార్యుడు జూల్ ఎమీల్ ప్లాంషాన్ ఒకడు. తక్కిన యిద్దఱు గాస్తాన్ బజీల్, ఫెలిక్స్ సాయూ అనువారు. వారును మొదట చచ్చిన తీగలనే త్రవ్విరి. పిమ్మట, చచ్చిన దాని ప్రక్కన ఇంకను పచ్చగా నున్న తీగను త్రవ్వి భూతద్దమున చూచిరి. వేళ్లనిండ పసుపుపచ్చని కణములవంటి పురుగులు! కంటి కానని యంత చిన్నవి. మన రైతులు పేనుబంక యనెడి జాతికి దాయాదులు. తీగ చచ్చుట తోడనే అవి దానిని విడిచి ప్రక్క తీగకు పోవును. అందువలననే అంతవఱకు దొంగ పట్టుబడలేదు. దొంగతనము జరిగిన యింట వెదకినంత కాలము దొంగ యెట్లు దొరకును? జరుగబోవు నింట కాచి కూర్చుండవలెను గాని. ఆ పురుగునకు ఫిల్లాక్సెరా యని పేరు.

అది అమెరికా ఖండపు జీవి. తోటలపై మక్కువ గలవారు అమెరికా ద్రాక్షమొక్కలను తెప్పించుకొనుట పూర్వమును కలదు గాని, తెరచాప ఓడలు సముద్రము దాటునప్పటికి ఆ మొక్కలమీది పురుగు చచ్చెడిది. ఆవిరి ఓడలు వచ్చి ప్రయాణకాలమును కుదించినవి. పురుగు బ్రదికి ఒడ్డు చేరినది. అమెరికా తీగ వేరు పురుగు కొఱికిన చోట బెండువంటి పొరను పెంచి గాయమును మూసికొనును. వేలయేండ్లు ఆ పురుగుతో కాపురము చేసిన విద్య యది. ఐరోపా తీగ వేరునకు ఆ విద్య లేదు. గాయమునుండి కుళ్లు ప్రవేశించి వేరు చచ్చును. ఫ్రాన్సు దేశమున 1875లో సుమారు 840 కోట్ల లీటర్ల ద్రాక్షరసము దిగినది. 1889లో సుమారు 230 కోట్ల లీటర్లకు పడిపోయినది. ఊళ్లు ఖాళీ యైనవి. ఎందఱో సముద్రము దాటి అల్జీరియా చేరిరి.

ప్రభుత్వమువారు మందు కనిపెట్టినవానికి 1870లో 20,000 ఫ్రాంకుల బహుమానము ప్రకటించి, 1874లో దానిని 3 లక్షలు చేసిరి. ఇక ఉపాయములకు కొదువ యేమి? మాంపెలియే దగ్గఱ ఒక పరీక్షాక్షేత్ర మేర్పఱచి మూడువందలకు పైగా చికిత్సలను పరీక్షించిరి. తీగ మొదట బ్రదికియున్న కప్పను పాతిపెట్టుడని చెప్పిన వైద్యులును కలరు. పనికివచ్చినవి బహు స్వల్పము. ఒకటి గంధకపు వాసన గొట్టు విషద్రవమును ఇనుప పిచికారీతో నేలలోనికి ఎక్కించుట. దానికి ధనికుడై యుండవలెను. రెండవది శీతకాలమున నలువది దినములు తోటను నీట ముంచి యుంచుట. దానికి కాలువ దగ్గఱ పల్లపు నేల యుండవలెను. మూడవది సముద్రపుటొడ్డున ఇసుకలో తోట వేయుట; ఇసుకలో ఆ పురుగు బ్రదుకలేదు. ఎగ్‌మోర్త్ అను పాతకోట చుట్టునున్న ఇసుకదిబ్బలు, అంతవఱకు ఎవనికిని అక్కఱలేనివి, ఒక్కుమ్మడి విలువగల పొలములైనవి. ఆ యిసుకతోటలను నేటికిని చూడవచ్చును. కోటగోడపై నిలిచి ఒక వంక ఉప్పుకయ్యలను, మఱియొక వంక ద్రాక్షతోటలను చూచినవాడు నేలకు మంచి చెడ్డ యనునది కాలమునుబట్టి మాఱునని గ్రహించును.

సామాన్యపు కాపును రక్షించినది ఈ మూటిలో ఏదియు కాదు. రోగము తెచ్చిన అమెరికా తీగయే రక్షించినది. దాని వేరును నిలిపి, దానిమీద దేశవాళీ తీగ కొమ్మను అంటు గట్టుట. ప్లాంషాన్ 1873లో అమెరికా పోయి, అచ్చట రైలీ యను కీటకశాస్త్రజ్ఞునితో గూడి తోటలు తిరిగి, తట్టుకొను జాతులను గుర్తించి వచ్చెను. స్వదేశమున గొప్ప వాదము లేచెను. విషమును తెచ్చినవాని చేతనే ఔషధము పుచ్చుకొందుమా యని కొందఱు. అమెరికా పండు నక్కకంపు గొట్టును, ఆ వేరు మన రసమును చెఱచునని మఱికొందఱు. మన మామిడితోటల వారు ఈ మాట విని నవ్వుదురు. ఏ పుల్లటి టెంకమొక్కపై అంటు కట్టినను బంగినపల్లి బంగినపల్లియే గదా! కాని తాతలనాటి తోటలను తమ చేతులతోనే పెఱికి తగులబెట్టి, పరదేశపు వేరును నాటవలసివచ్చిన కాపు మనస్సును తలచుకొన్నచో నవ్వు రాదు. పైపెచ్చు, నాటినంతనే గెలుపు లభింపలేదు. సున్నపురాతి నేలలలో అమెరికా మొక్కలు పసుపుబాఱి క్షీణించినవి. మరల 1887లో పీర్ వియాలా యను పండితుడు అమెరికా అంతయు గాలించి, టెక్సాసున తోటమాలి మన్సన్ సాయమున సున్నపునేలలలో పెరుగు అడవితీగను కనుగొనెను. ఆ తీగను ఇతర జాతులతో సంకరము చేసి వేరుమొక్కలను తీసిరి. అంటు కట్టు విద్యను నేర్పుటకు పల్లెలలో పాఠశాలలు వెలసినవి.

మాంపెలియే రైలుస్టేషను ఎదుటనే చిన్న ఉద్యానమొకటి కలదు. అందు 1894లో నిలిపిన ప్లాంషాన్ విగ్రహమును, క్రింద ద్రాక్షగుత్తిని పట్టి నిలిచిన కాపువానిని చూడవచ్చును. అమెరికా తీగ ఫ్రెంచి తీగను మరల బ్రదికించినదని దానిపై చెక్కిరి. బండి దిగినవారు సామానుల సందడిలో దానిని చూడకయే పోవుదురు. పోగూడదు. మఱి ఆ 3 లక్షల బహుమాన మెవరికి ముట్టినదందురా? ఎవరికిని ముట్టలేదు. అంటు కట్టుట పురుగును చంపు మందు కాదు, పురుగునుండి తప్పించుకొను నుపాయము మాత్రమేయని అధికారులు తీర్మానించిరి. శబ్దార్థవిచారమున మన తార్కికుల కేమియు తీసిపోరు!

ఇప్పుడు శీతకాలమున పొమ్మని యేల చెప్పితినో తెలియును. తోటవాని అనుమతి గొని ఒక మోడు చెంత కూర్చుండి, మొదటి మట్టిని చేతితో తొలగించి చూడుడు. నేలకు కొంచెము పైన ఉబ్బెత్తుగా, ముడివలె నొక భాగము కనబడును. అది అంటు. దానికి పైన ఫ్రాన్సు, క్రింద అమెరికా. ఆ సీమలో ఇసుకనేలలు తప్ప, దాదాపు ప్రతి తీగయందును ఈ ముడి కలదు. 1876లో మాంపెలియే వ్యవసాయ పాఠశాలవారు నశించిపోవు జాతులను కాపాడ నెంచి ద్రాక్షజాతుల నన్నింటిని సేకరింప మొదలిడిరి. 1949లో ఆ తోటను సముద్రపుటొడ్డున వాసాల్ అను చోట, కేవల మిసుకలో, అంటు లేకయే నాటిరి. వేలజాతుల తీగలు తమ సొంత వేళ్లపై నిలిచిన తోట యది. మన దక్కను ద్రాక్షతోటలలో నేడు ఉప్పునేలకును నీటియెద్దడికిని ఓర్చుటకై డాగ్‌రిడ్జ్ అను వేరుమొక్కపై అంటు గట్టుచున్నారు గదా. అదియు టెక్సాసు తీగయే.

అమెరికా తీగలతో మఱొక తెగులు వచ్చినది. 1878లో కనబడిన బూజు తెగులు ఆకులను మాడ్చివేసినది. దీని మందు లాంగ్దోక్‌లో గాక, వాయవ్యముననున్న బొర్దో సీమలో దొరకినది. ఆ సీమలో బాటప్రక్క తోటలవారు, దారిని పోవువారు పండ్లు దొంగిలింపకుండ, విషము చల్లినట్లు కనబడుటకై మైలుతుత్తమును సున్నమును కలిపి ఆకులపై చల్లెడివారు. 1882లో మిలార్దే యను ఆచార్యుడు ఆ దారిని పోవుచు, బాటప్రక్క వరుసలు మాత్రమే పచ్చగా నుండుటను, లోపలివి మాడిపోవుటను గమనించెను. పరీక్షలు చేసి 1885లో లోకమునకు వెల్లడించెను. మన నిమ్మ, బత్తాయి తోటలలోను, తమలపాకు తోటలలోను వాడెడి బోర్డో మిశ్రమమను మందు ఇదియే. ఆ పేరు ఒక యూరి పేరని యెఱుగకయే మన రైతులు దానిని దశాబ్దములుగా కలుపుచున్నారు.

పురుగు పోయినది, బూజు పోయినది, తోటలు నిండినవి. కాపు సుఖపడెనా? లేదు. రసము కొఱవడిన యేండ్లలో వర్తకులు ఎండుద్రాక్షను నానబెట్టియు, చక్కెరనీటిని పులియబెట్టియు, అల్జీరియా సరకును కలిపియు బేరము నడుపుటకు అలవాటు పడిరి. తోటలు మరల కాచిన పిదపను ఆ యలవాటు మానలేదు. 1903లో చక్కెరమీది పన్ను తగ్గినది. కల్తీ మఱింత చవుక యైనది. 1900 తరువాత ధర పడిపడి, పండు కోసిన కూలికైన చాలని స్థితి వచ్చినది. పురుగును గెలిచినవాడు కల్తీచేత ఓడెను.

అర్జెలియే యను కుగ్రామమున మార్సెలె అల్బేర్ అను నతడు కొద్దిపాటి తోటయు, చిన్న కాఫీకొట్టును గలవాడు. సంవత్సరముల తరబడి కల్తీ గుఱించి అర్జీలు వ్రాసెను. ఎవ్వరును చెవిని పెట్టలేదు. 1907 మార్చి 11వ తేదీన 87 మంది గ్రామస్థులతో నార్బొన్‌నకు నడచి, పార్లమెంటువారు పంపిన విచారణసంఘము నెదుట మొఱ వెట్టుకొనెను. అంతటితో ఆగక ఆదివారమున కొక్క యూర సభ పెట్టనారంభించిరి. మే 5వ తేదీన నార్బొన్‌లో 80,000 మంది కూడిరి. పిమ్మట బెజియే, పెర్పిన్యాన్, కర్కసాన్, నీమ్. జూన్ 9వ తేదీన మాంపెలియేలో 5 లక్షలకు పైగా జనము చేరినది. గ్రామగ్రామము తన పేరు వ్రాసిన పలకను, తన ఆకటి గోడును వ్రాసికొని వచ్చినది. పన్నులు మానివేసిరి. వందలకొలది గ్రామాధ్యక్షులు రాజీనామా లిచ్చిరి. ప్రధానమంత్రి క్లెమాన్సో సేనలను పంపెను.

ఇప్పుడు మరల నార్బొన్ చదుకమునకు రావలెను. జూన్ 19వ తేదీన ఆ పట్టణాధ్యక్షుడు ఫెర్రూల్‌ను నిర్బంధించిరి. ఆ దినమును మఱుదినమును సైనికులు జనముపై కాల్పులు జరిపిరి. ఆఱుగురు మరణించిరి. వారిలో బజారునకు వచ్చిన ఇరువది యేండ్ల కన్య యొకతె. పురభవనము ముందఱ, నేడు రోమను బాటను తెఱచి యుంచిన ఆ చోటనే రక్తము చిందినది. ఆ వార్త విని 17వ కాలిబంటు దళమునందలి సుమారు 500 మంది సైనికులు అగ్ద్ శిబిరమునుండి ఆయుధములతో రాత్రికి రాత్రి బెజియేకు నడచివచ్చిరి. వారందఱు ఆ సీమ కాపుల బిడ్డలే. తుపాకులు దింపి, రికే పేరిటి విశాలవీథిలో చెట్లక్రింద కూర్చుండిరి. తల్లులు అన్నము తెచ్చి పెట్టిరి. తుదకు దండన లేదను మాటపై మరలిపోయిరి. పిదప వారిని ట్యునీసియా దేశపు టెడారి అంచున గఫ్సాకు పంపిరి. నేడు ఆ వీథి చెట్లనీడలో వృద్ధులు కూర్చుండి ప్రొద్దుపుచ్చుచుందురు. అడిగినచో తమ తాతలు ఆ దినమున ఎచ్చట నిలిచిరో చెప్పగలవారు అందుందురు.

అల్బేర్ గతి మాత్రము జాలి గొలుపును. అతడు రహస్యముగా పారిసు పోయి క్లెమాన్సోను కలిసెను. ఆ మంత్రి మంచిమాటలాడి, తిరుగు ప్రయాణపు రైలుఖర్చున కని 100 ఫ్రాంకుల నోటు చేతిలో నుంచెను. అల్బేర్ పుచ్చుకొనెను. మంత్రి ఆ మాటను పత్రికలవారికి చెప్పెను. అంతే, లక్షలమంది దేవునివలె చూచినవానిని ద్రోహి యనిరి. చేయి చాచినవాడు సాధువు, ఇచ్చినవాడు రాజకీయవేత్త. అల్బేర్ 1921లో తన గ్రామమున పేదవాడుగనే మరణించెను.

ఐనను పోరాటము వ్యర్థము కాలేదు. 1907 జూన్ 29వ తేదీన నీళ్లు కలుపుటను, చక్కెర దుర్వినియోగమును అరికట్టు చట్టము చేసిరి. ప్రతి కాపును తాను దింపిన రస మింతయని ప్రకటింపవలెను. ఆ సెప్టెంబరున వెలువడిన యుత్తరువు, పచ్చి ద్రాక్షపండునుండిగాని దాని రసమునుండిగాని పులిసినదే ద్రాక్షరసమని నిర్వచించినది. వినుటకు ఎంత తేలికమాట! లక్షణవాక్యమునకు అవ్యాప్తి, అతివ్యాప్తి దోషములు లేకుండవలెనని మనము బడిలో చదువుకొన్నాము. అచ్చట ఆ యొక్క లక్షణవాక్యమును సాధించుటకు ఆఱు ప్రాణములు పోయినవి.

బెజియే చెంత మరోసాన్ గ్రామమున కాపులు అంతకు ముందే, 1901లో, ఒక్కటై సహకారసంఘము నెలకొల్పుకొనిరి. దళారి లేకుండ పారిసు నగరపు శ్రామికుల సహకార దుకాణములకే తమ సరకును పంపెడివారు. 1905లో జాన్ జొరేస్ అను ప్రసిద్ధ నాయకుడు ఆ గ్రామమునకు వచ్చి చూచెను. వారు కట్టిన రాతిభవనము నేటికిని నిలిచియున్నది. మన పల్లెల సహకారసంఘముల పెద్దలు ఎవరైన ఆ దేశము పోయినచో, కోటలకంటెను మేడలకంటెను దీనిని ముందు చూడవలెనని నా సలహా.

1935లో ఇంకొక చట్టము వచ్చినది. ఏ యూరి సరకు ఆ యూరి పేరుతోనే అమ్మవలెను. ఆ పేరును మఱియొకడు వాడరాదు. ఆ పేరు కావలెనన్నచో ఆ నేలలో, ఆ జాతి తీగలనుండి, ఆ పద్ధతిని తీయవలెను. ఫ్రొంతిన్యాన్ గ్రామపు తీపిరసమునకు 1936లోను, ఫితూ గ్రామపు రసమునకు 1948లోను అట్టి హక్కు లభించినది. కాపిశాయన మనగా కాపిశిలో పుట్టినదే కావలెనని పాణిని తద్ధితప్రత్యయముతో కట్టిన కట్టును, ఫ్రెంచివారు శిక్షాస్మృతితో కట్టిరి. సీసాలమీది చీటీని చదువునపుడు ఊరి పేరు గలదా లేదా యని చూచుట ఆ సీమయాత్రలో నేర్చుకొనదగిన చిన్న విద్య.

మైదానపు కాపులకు మాత్రము ఆ పేర్ల భాగ్యము చాలకాలము పట్టలేదు. జనము చవుక రసమును త్రాగుట తగ్గించిరి. ఇటలీనుండి సరకు వచ్చి పడినది. 1976 మార్చి 4వ తేదీన మోంత్రెదోన్ వద్ద మరల తుపాకులు మ్రోగినవి. ఒక కాపు, ఒక పోలీసు అధికారి మరణించిరి. అటు పిమ్మట తోటను పెఱికివేసినవారికి ఐరోపా ప్రభుత్వములు సొమ్ము చెల్లింప మొదలిడినవి. డొమీషియను శాసనముతో కానిపని బహుమతితో నయినది. వేలకొలది ఎకరములు పోయినవి. మిగిలినవారు చవుక జాతులు మాని మేలిజాతులు వేసి, తక్కువ కాపు కాయించి, ఊరి పేరు నిలుపుకొనుటకు పాటుపడుచున్నారు. నార్బొన్‌నుండి అర్జెలియేకు పోవు దారిలో తోటకును తోటకును నడుమ బీడుపడిన మళ్లు కనబడును. పెఱికిన మోళ్లను గట్టున కుప్పలు వేసి ఎండబెట్టుదురు. అవి మంచి వంటచెఱకు. మాంసము కాల్చుటకు ఆ సీమవారు వానినే కోరుకొందురు. ఆ మోళ్లలోను వెదకినచో అంటుముడి కనబడుచునే యుండును.